గరాజ్‌లో అన్నయ్య

ఆ ఇటలీ పాటల కుర్రాళ్ళ మీద నాకేమీ కోపం లేదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లో మావాళ్ళు ఆ సంగతి ఎత్తినప్పుడల్లా తప్పంతా వాళ్ళ నెత్తిన రుద్దుతారు. "ఆ దిక్కుమాలిన సీడీ వల్లే కదండీ పిల్ల అలా అయిపోయింది" అంటారు, పాట్‌లక్ లైన్‌లో పేపర్ ప్లేటు పట్టుకుని, పరామర్శ చేస్తున్నట్టు మొహం పెట్టి. డాక్టర్లున్నారు వాళ్ళలో, సైంటిస్టులున్నారు. ఒక్కరైనా దాన్ని మొదట్నుంచి చివరిదాకా విన్న పాపాన పోలేదు. అయిదో క్లాసుతో బడి మానేసినవాణ్ణి, నేను విన్నాను. పిల్ల అంటే మా మేఘ, నా కూతురు వాణి కూతురు. ఇప్పుడు రెడ్‌మండ్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. వాళ్ళమ్మకి మెసేజ్‌లు పెడుతుంది, పుట్టినరోజుకి పూలు పంపిస్తుంది, డబ్బు కావాలా అని అడుగుతుంది. గొంతు మాత్రం వినిపించదు. వాణి ఫోన్ చేస్తే ఎత్తదు. ఎందుకు ఎత్తదో ఈ ఊళ్ళో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నన్నెవరూ అడగరు. మొన్న ఇల్లు అమ్మకానికి పెడదామని గరాజ్ ఖాళీ చేస్తుంటే, అల్లుడి టూల్‌బాక్స్ కింద ఆ సీడీ డబ్బా బయటపడింది. మూత పగిలిపోయింది. అట్ట మీద రాతి ఉయ్యాల బొమ్మ, లోపల ఎవరూ లేరు. దాన్ని చేతిలోకి తీసుకోగానే నాకు గుర్తొచ్చింది టెక్సాస్ కాదు. రాజమండ్రిలో మా పేట, మా ఇంటి నడవా, గంజి వాసన.

మాది మగ్గాల ఇల్లు. నడవాలో మగ్గం గుంట, గుంటలో మా నాన్న కాళ్ళు, పొద్దున్న లేచింది మొదలు మగ్గం పలక దెబ్బ. ఆ చప్పుడు ఆగితే మాకు నిద్రలో మెలకువ వచ్చేది. పెరట్లో గంజి కాగుతూ ఉండేది, తడి నూలు ఆరేస్తే ఇల్లంతా పులిసిన అన్నం వాసన వేసేది. ఆ వాసనలోనే మా అమ్మ ఉదయాన్నే తలారా స్నానం చేసి, వంటింటి పక్క గూట్లో ఎర్రగుడ్డ తీసి, గిన్నెడు పాలు పెట్టేది. ఆ గుడ్డలో ఉన్నది మా అన్నయ్య. నేను పుట్టకముందే జ్వరమొచ్చి పోయాడు. మా పేటలో కొన్ని కుటుంబాల ఆచారం ఏంటంటే, పసితనంలో పోయినవాణ్ణి పోయాడనరు, వీరభద్రుడయ్యాడంటారు. విభూతిని ముద్దలా చేసి, ఎండబెట్టి, అందులో వాడికి చోటిస్తారు. విభూతి పండు అంటారు దాన్ని. ఇంట్లో ఏది వండినా ముందు వాడికి. తర్వాత నాన్నకి. ఆ తర్వాత నాకు. ఇంట్లో బతికున్న పిల్లాణ్ణి నేనొక్కణ్ణే, అయినా అందరూ నన్ను చిన్నోడా అని పిలిచేవారు. ఇంటికి వచ్చిన కొత్తవాళ్ళు "మరి పెద్దోడెక్కడమ్మా?" అంటే అమ్మ గూటివైపు చూపించేది, ఇప్పుడే పక్కగదిలోకి వెళ్ళినట్టు.

శివరాత్రికీ, చుట్టాలిళ్ళలో పెళ్ళిళ్ళకీ సంబరం జరిపేవారు. వీరణాలని పెద్ద డోళ్ళుండేవి, అవి మోగితే కడుపులో పేగులు అదిరేవి. ఖడ్గమనే దండకం చదివేవాడొకడు కత్తి పట్టుకుని "అశ్శరభ శరభ" అని అరుస్తూ ముందుకూ వెనక్కూ దూకేవాడు. ఆ అరుపుల మధ్య మా అమ్మ ఊగడం మొదలుపెట్టేది. మా అమ్మది సన్నని గొంతు, పిలిస్తే గోడవతలకి వినపడేది కాదు. ఆ వేళ ఆ గొంతు అడుగునుంచి ఇంకోటి లేచేది. బండరాయిని గచ్చు మీద ఈడ్చినట్టు, మాటలు సగం అరుపు సగం ఏడుపు. అమ్మ నోటితో అన్నయ్య బెల్లం అడిగేవాడు, కొత్త చొక్కా అడిగేవాడు. మా నాన్న చేతులు కట్టుకుని "ఇస్తాను నాయనా, ఇస్తాను" అనేవాడు. నన్నెప్పుడూ నాయనా అనలేదు. ఒకసారి నన్ను ముందుకు తోశారు, అన్నయ్యకి దణ్ణం పెట్టమని. మా అమ్మ ఎర్రటి కళ్ళతో నన్ను చూసింది. ఆ గొంతుతో "వీడెవడు?" అంది. "నీ తమ్ముడు నాయనా" అన్నాడు నాన్న, భయపడుతూ. వాడు మళ్ళీ బెల్లం అడిగాడు. తర్వాత కర్పూరం వెలిగించి, పసుపునీళ్ళు చల్లి, "ఇంక వెళ్ళి రా నాయనా" అని పేరుపెట్టి సాగనంపితే, అమ్మ గుడ్డపీలికలా కూలబడేది. లేచి, నీళ్ళు తాగి, తన సన్నని గొంతుతో నన్నే అడిగేది: "ఏమన్నాడ్రా అన్నయ్య?"

"బెల్లం అడిగాడమ్మా" అన్నాను. మిగతాది ఎప్పుడూ చెప్పలేదు.

ఇవన్నీ చూసిన పిల్లాడు పెద్దయ్యాక ఏమవుతాడు? నేను పుస్తకాల పురుగునయ్యాను. కలప అడితీలో గుమాస్తాగా చేరి, సాయంత్రం గ్రంథాలయం తలుపులు మూసేదాకా కూర్చుని, తెలుగైపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడబలుక్కున్నాను. మూర్ఛ గురించి చదివాను, మనసు గురించి చదివాను. దయ్యం లేదు, దేవుడు లేడు, పోయినవాడు పోయాడు అని తేల్చుకున్నాను. మా అమ్మ పోయిన ఏడు ఆ విభూతి పండుని తీసుకెళ్ళి గోదావరిలో కలిపేశాను. అది సరైన పనేనని ఇప్పటికీ అంటాను. నా భార్య రత్నం మాత్రం ఒప్పుకోలేదు. వాళ్ళ పుట్టింట్లోనూ అలాంటి గూడుంది. "చోటులేని పిల్లాడు ఊరుకుంటాడనుకున్నారా? తిరుగుతాడు" అనేది. "తిరగనీ, బస్సు టికెట్టు అక్కర్లేదుగా" అనేవాణ్ణి నేను. మా కాపురమంతా ఈ ఒక్క పోట్లాటనే రకరకాల కూరలతో తిన్నాం.

వాణికి అమెరికాలో మొదట పుట్టింది మగపిల్లాడు. కొన్ని వారాలు ఆస్పత్రిలోనే ఉండి చనిపోయాడు. మాకు వీసా రాలేదు, చూడలేదు. ఆ మరుసటేడు మేఘ పుట్టింది. చాలా ఏళ్ళకి నేనూ రత్నం వాళ్ళ దగ్గర ఉండిపోవడానికి వచ్చినప్పుడు, ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొస్తూ, హైవే మీద డ్రైవ్ చేస్తూనే చెప్పింది వాణి. "అమ్మా, నాన్నా, మేఘకి వాడి సంగతి తెలీదు. తెలియకూడదు. ఒక్క మాట జారినా నెక్స్ట్ ఫ్లైట్‌కి బుక్ చేసేస్తాను." రత్నం మొహం మాడ్చుకుంది. నాకు మాత్రం నా కూతురు చెప్పిన మాట మొదటిసారి పూర్తిగా నచ్చింది. నా మనవరాలు ఎవరికీ చిన్నది కాకూడదు. ఎవరి తర్వాతో అన్నం తినకూడదు. నాకు ఆ ఇంట్లో ఇంకే కోరికా లేదు, ఇదొక్కటే.

ఆ ఇంట్లో పులుసు పెడితే వాసన వేసుకునే కోట్లకి పట్టేస్తుందని గరాజ్ తలుపు ఎత్తి, అక్కడ ఎలక్ట్రిక్ పొయ్యి మీద వండేవాళ్ళు. వంటయ్యాక ఆ చోటు నాది, మేఘది. కేంప్ కుర్చీ వేసుకుని నేను వచ్చేపోయే కార్లు చూసేవాణ్ణి. నడిచే మనిషి ఒక్కడు కనపడడు. మేఘ అప్పుడు హైస్కూల్. స్కూల్ నుంచి రాగానే చింతపండు, ఇంగువ వాసనల మధ్య స్పీకర్లు పెట్టుకునేది. ఆ సీడీ ఇటలీ నుంచి తెప్పించుకుంది. తలుపు వేసి పెడుతుంటే అడిగాను, ఏంటమ్మా అది అని.

"తాతయ్యా, నీకు హెడేక్ వస్తుంది. వద్దు."

"నేను మగ్గాల మధ్య పుట్టినవాణ్ణే. పెట్టు."

పెట్టింది. నాకు నచ్చిందని చెప్పను. బియ్యం మిల్లులో బెల్టు తెగినట్టు డ్రమ్ములు. తొడ మీద తాళం లెక్క వేద్దామని చూస్తే, లెక్క అందినట్టే అంది చెయ్యి జారిపోయేది. అందులోంచి ఆ గొంతు లేచింది. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. గచ్చు మీద బండరాయి. అంతలో అన్నీ ఆగిపోయి, గిటారొక్కటే మిగిలి, ఎవరో కుర్రాడు ఎంతో మెత్తగా పాడాడు, జోలపాటలా. మళ్ళీ బండరాయి.

"ఇద్దరా పాడేది?"

"ఒక్కడే. సేమ్ గై. క్లీన్ వాయిస్ వేరు, గ్రౌల్ వేరు. గొంతుతో కాదు తాతయ్యా, ఇక్కడ్నుంచి" అని పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "రాంగ్‌గా చేస్తే వాయిస్ పోతుంది." అని ఊపిరి పీల్చి, వినిపించింది. పదహారేళ్ళ పిల్ల, ముక్కుపుడక, నా తల్లి నుదురు. ఆ నోట్లోంచి ఆ శబ్దం.

ఏమంటున్నాడని అడిగితే పాటల పుస్తకం ఇచ్చింది. అద్దాలు పెట్టుకుని, నిఘంటువు తెచ్చుకుని చదివాను. అన్ని పాటలూ కలిసి ఒకటే కథ. ఒక కడుపులో ఇద్దరు. ఒకడు బయటికొచ్చాడు, ఇంకొకడు రాలేదు. రానివాడు, వచ్చినవాడి గొంతులో పెరుగుతుంటాడు. మెత్తటి పాట బతికున్నవాడిది, ఆ బండగొంతు రెండోవాడిది. ఇటలీలో ఏ ఊళ్ళో కూర్చుని రాశారో వాళ్ళు. వెనక అట్ట మీద ఫొటోలో బక్కపల్చటి జుట్టు కుర్రాళ్ళు, ఆకలిగా ఉన్నట్టు నిలబడ్డారు. మా రాజమండ్రి పేట సంగతి వాళ్ళకేం తెలుసు?

"ఇదే ఎందుకు నచ్చింది నీకు?" అన్నాను, వీలైనంత మామూలుగా.

"ఐ డోంట్ నో." కాసేపు గోళ్ళు చూసుకుంది. "నాకు తెలిసినవాళ్ళ గురించి అనిపిస్తుంది. వియర్డ్ కదా?"

నేను హేతువాదిని. కాకతాళీయం అనే మాట నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు ఆ మాటని చాలాసార్లు నాలో నేనే అనుకోవాల్సి వచ్చింది. అల్లుడు శ్రీధర్ ఆఫీస్‌లో ఎవరో చెప్పారని వచ్చి "మావయ్యగారూ, అది డెవిల్ వర్షిప్‌ట" అంటే, "నువ్వు విన్నావా? వినకుండా మాట్లాడే జబ్బు నీకు ఏ యూనివర్సిటీలో అంటించారు?" అని ఎగిరాను. అతను నాతో రెండ్రోజులు మాట్లాడలేదు. నా భయం సైతాను కాదు. రత్నం చెవిన ఆ గొంతు పడకూడదు, అంతే. మేఘ ప్రాక్టీస్ వేళకి ఆవిణ్ణి ఏదో వంకన బయటికి పంపేవాణ్ణి. కొత్తిమీర లేదంటే లేదు, కరివేపాకు వాడిపోయిందంటే వాడిపోయింది. పక్కింటి ఆంటీ కారెక్కి రోజూ ఇండియన్ స్టోర్‌కి వెళ్ళేది పాపం రత్నం. "ఈ వయసులో మీకు కరివేపాకు మోజేంటండీ" అని తిట్టుకుంటూ.

ఒకరోజు ఆంటీకి పిల్లల్ని పికప్ చేసుకునే తొందరొచ్చింది. రత్నాన్ని దారిలోంచే వెనక్కి తిప్పి దింపేసి వెళ్ళిపోయింది. నేను పక్క గదిలో పేపర్ చదువుతున్నాను. మేఘ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గరాజ్‌లో పాడుతోంది. సంగీతం ఆమె చెవులకే, ఇంటికి వినపడేది ఆ గొంతొక్కటే. నేను లేచేసరికి రత్నం వంటింట్లో నిలబడి వింటోంది. భయపడుతుందనుకున్నాను, కెవ్వుమంటుందనుకున్నాను. నా బుద్ధితక్కువ. ఆవిడ చెప్పులు విడిచింది. స్టీలు గ్లాసులో నీళ్ళు పట్టి పసుపు కలిపింది. దేవుడి అరలోంచి విభూతి నుదుట పెట్టుకుని, హారతిపళ్ళెంలో కర్పూరం గుప్పెడు పోసి వెలిగించింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న చుట్టం వచ్చినప్పుడు మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది. నేను అడ్డం పడేలోపు తలుపు తీసేసింది.

మేఘ కళ్ళు మూసుకుని ఊగుతోంది, జుట్టు విరబోసుకుని.

"వచ్చావా నాయనా?" అంది రత్నం. "ఇన్నాళ్ళకి దారి దొరికిందా? చోటివ్వలేదని కోపమా? మీ అమ్మ చిన్నపిల్లరా, దానికేం తెలుసు. మీ తాత మూర్ఖుడు. నాకు చెప్పు, ఏం కావాలి?"

"రత్నం, నోరుముయ్యి!" అని నేను అరిచాను. సరిగ్గా అప్పుడే కర్పూరం పొగకి అలారం మోగింది. ఆ గోలకి మేఘ హెడ్‌ఫోన్స్ తీసింది. పైన గదిలో ఆఫీస్ పని చేసుకుంటున్న వాణి పరుగెత్తుకుంటూ మెట్లు దిగింది.

"అమ్మమ్మా, వాట్ ద... ఎవరితో మాట్లాడుతున్నావు?"

"మీ అన్నయ్యతో, తల్లీ."

అలారం మోగుతూనే ఉంది. మేఘ నన్ను చూసింది, వాళ్ళమ్మని చూసింది. "మమ్మీ, నాకు బ్రదర్ ఉన్నాడా?"

వాణి ఫ్లైట్ మాట ఎత్తలేదు. అలారం కింద గచ్చు మీద కూర్చుండిపోయి, తడబడకుండా, మేమెవ్వరం ఎప్పుడూ వినని పేరొకటి చెప్పింది. ఆస్పత్రిలో తనలో తను పెట్టుకున్న పేరట.

తర్వాత కొన్నాళ్ళు ఇల్లు తేలికపడింది. ఒప్పుకోక తప్పదు. వాణి ఏడ్చింది, అన్నం తింది, శ్రీధర్‌తో ఆ ఆస్పత్రి రోజుల గురించి గంటలు గంటలు మాట్లాడింది. మేఘ వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేది. రత్నం నా ముందు నుంచి గర్వంగా నడిచేది, ఏ కరివేపాకూ తేనక్కర్లేకుండా. పిల్లలకి నిజం చెబితే మంచిదని ఇక్కడి పుస్తకాల్లో రాస్తారు, నేనూ చదివాను. నేనే తప్పేమో అనిపించే దశకొచ్చాను.

ఒక సాయంత్రం వాణి గరాజ్‌లోకి వచ్చింది. మంచినీళ్ళ సీసాల కేసు మీద కూర్చుంది. "ఏది, ఆ పాట పెట్టు" అంది. మేఘ సంతోషం చూడాలి! వాళ్ళమ్మ ఎన్నడూ అటు రాలేదు. మొత్తం వినిపించింది, లెక్కలు ఎక్కడ మారతాయో వేళ్ళతో చూపించింది. మర్నాడు కూడా వచ్చింది వాణి. ఆ తర్వాత రోజూ. ఆఫీస్ కాల్స్ మానుకుని, మేఘ స్కూల్ నుంచి రాకముందే వచ్చి కూర్చునేది. అప్పుడు గమనించాను నేను. మెత్తటి పాట వచ్చినప్పుడు వాణి గడియారం చూసుకుంటోంది, గోడ చూస్తోంది. ఆ బండగొంతు లేచినప్పుడు మాత్రం ముందుకు వంగి, పెదాలు కదుపుతూ, రెప్ప వెయ్యకుండా వింటోంది. అలా వినే మొహాన్ని నేనెరుగుదును. గూటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మా నాన్న మొహం అది.

మా పేటలో అయితే వాడికో వేళ ఉండేది. శివరాత్రి, పెళ్ళి, అంతే. పిలవడానికి డోళ్ళు కావాలి, ఖడ్గం చదివేవాడు కావాలి, ఊరంతా కావాలి. పంపడానికి పసుపునీళ్ళుండేవి. వెళ్ళి రా అనే హక్కు పెద్దవాళ్ళకుండేది, వాడు వినేవాడు. అంత మూఢత్వానికీ ఒక కట్టుబాటుండేది. దాన్ని నేను తిట్టాను, ఇప్పటికీ తిడతాను, కానీ ఆ కట్టుబాటు ఏంటో నాకిప్పుడే తెలిసింది. ఇక్కడ బొత్తాం నొక్కితే వస్తాడు. మంగళవారం వస్తాడు, బుధవారం వస్తాడు. రత్నానిక్కూడా గుండెల్లో రాయి పడింది. "ఏవండీ, పిలిచింది నేనే. పంపించేద్దామంటే అది ఒప్పుకోవట్లేదు" అంది, గొంతు తగ్గించి. కర్పూరం పళ్ళెం పట్టుకుని వెళ్ళింది కూడా. వాణి వెనక్కి తిరక్కుండానే "వద్దమ్మా, అలారం మోగుతుంది" అంది.

మేఘ గొంతు బొంగురుపోయింది. స్కూల్‌లో కాయిర్ పాటలు మానేసింది. వేడినీళ్ళు తాగమంటే తాగేది, రేపు పాడొద్దని చెబితే తలూపేది, మర్నాడు వాళ్ళమ్మ కేసు మీద కూర్చుని ఎదురుచూస్తుంటే మళ్ళీ పాడేది. నేను వాణిని పక్కకి పిలిచి చెప్పాను, ఇది మంచిది కాదు, నేనిదంతా చూసినవాణ్ణి అని. "నీకు అన్నీ మూఢనమ్మకాలే కదా నాన్నా, మరి నీకెందుకు భయం?" అంది.

ఆ ఏడు మే నెల, బాగా ఉక్కగా ఉన్న సాయంత్రం. మేఘ ఆ రోజు గ్రౌల్ వదిలేసి మెత్తటి పాట అందుకుంది. బొంగురు గొంతే, అయినా ఎంత బాగా పాడిందో. ఆ పిల్ల సొంత గొంతు ఎలా ఉంటుందో నేనప్పటికే మర్చిపోయాను. వాణి చెయ్యెత్తి ఆపింది.

"అది కాదమ్మా. వాడిది."

మేఘ పాట ఆపింది. నావైపు చూసింది, నేనేమైనా అంటానేమోనని. తర్వాత వాళ్ళమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ పట్టుకుంది.

"మమ్మీ, అది నేనే. లుక్ ఎట్ మీ. పాడేది నేనే."

"తెలుసమ్మా" అంది వాణి, జుట్టు నిమురుతూ, ఎంతో ప్రేమగా. "ఇంకొక్కసారి."